సవరణ: ఎఫ్‌ఏ కప్‌లో డ్రా అయితే రీప్లే ఉండదు

ఇంగ్లండ్‌లో చిన్నా పెద్దా ఫుట్‌బాల్ క్లబ్‌లన్నీ ఆడే నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్‌లో మ్యాచ్ డ్రా అయితే చిన్న క్లబ్ అభిమానులకు పండగే, పెద్ద క్లబ్ మైదానంలో రీప్లే, అంటే మళ్లీ ఇంకో మ్యాచ్, దక్కుతుందని మొన్న రాశాను. అది పాత నియమం, సరిచూసుకోకుండా రాసేశాను. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ప్రకటన ప్రకారం 2024-25 సీజన్ నుంచి ప్రధాన పోటీలో, అంటే మొదటి రౌండ్ నుంచే, రీప్లేలు ఎత్తేశారు. డ్రా అయితే అప్పటికప్పుడే ఎక్స్‌ట్రా టైమ్, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు.

2025 జనవరిలో టామ్‌వర్త్‌కు జరిగింది ఇదే. ఐదో అంచె జట్టు, తన ప్లాస్టిక్ గడ్డి మీద లండన్ పెద్ద క్లబ్ టోటెన్‌హామ్‌ను 90 నిమిషాలు 0-0తో నిలబెట్టింది. పాత పద్ధతిలోనైతే లండన్‌లో రెండో మ్యాచ్, టికెట్ డబ్బుల్లో వాటా. కొత్త పద్ధతిలో ఎక్స్‌ట్రా టైమ్‌లో టోటెన్‌హామ్‌కు మూడు గోల్స్, ఆట ఖతం. టామ్‌వర్త్ అభిమానుల కడుపుమంటలో న్యాయముంది.

ఎఫ్‌ఏ కప్‌లో బయటి జట్టు అభిమానులకు 15 శాతం దాకా టికెట్లు ఇవ్వాలని మొన్న రాసిన ముక్క మాత్రం సరైనదే.