శివారు చేనూ, వైఫై డ్రైవరూ

సంక్రాంతికి కోనసీమలోని అత్తవారింటికి వెళ్లిన అల్లుడు పొంగలీ గారెలూ తిని ఊరుకోవాలి తప్ప, మామగారి పాత ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి లినక్స్ కెర్నల్‌ను తేలిక చేసిపెడతానని మాట ఇవ్వకూడదు.

లినక్స్ కెర్నల్‌లో ఎంచుకోవలసిన అంశాలు పదివేలకు పైగా ఉంటాయి. వాటన్నిటినీ చదివేలోపు ముక్కనుమ కూడా దాటిపోతుంది కనుక నేను ‘లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ అనే అడ్డదారి పట్టాను. ఆ క్షణాన ఏయే మాడ్యూళ్లు, అంటే అవసరాన్ని బట్టి కెర్నల్‌కు తగిలించే విడిభాగాలు, లోడై ఉన్నాయో చూసుకుని, లేనివాటిని అది కత్తిరించేస్తుంది. వైఫై డాంగిల్ పొద్దుటి నుంచీ మా బావమరిది జేబులో ఉన్న సంగతి దానికీ తెలియదు, నాకూ తెలియదు. పైగా చోటు కలిసివస్తుందని పాత కెర్నల్‌ను నా చేతులతోనే తీసేశాను.

కొత్త కెర్నల్ చలాకీగానే లేచింది కానీ, డాంగిల్ గుచ్చితే ఉలుకూ పలుకూ లేదు. కెర్నల్ సోర్సు కోడు డిస్కులోనే ఉండబట్టి బతికిపోయి, ఎంపికల పట్టిక అయిన ‘మెనూకాన్ఫిగ్’ తెరిస్తే, అందులో డాంగిల్‌ను నడిపే డ్రైవరు పేరే కనిపించలేదు. రోషం వచ్చి, ఆ ఎంపికలన్నీ రాసి ఉండే ‘డాట్ కాన్ఫిగ్’ ఫైలులో ఆ డ్రైవరు పేరైన ‘ఆర్‌టీఎల్8ఎక్స్ఎక్స్ఎక్స్‌యూ’కు ఎదురుగా ‘ఎం’ (మాడ్యూలుగా కావాలి) అని స్వహస్తాలతో రాసి, కెర్నల్‌ను మళ్లీ తయారుచేసే ‘మేక్’ కొట్టాను. పిలవని పేరంటానికి వచ్చినదాన్ని పంపినట్టు, తాంబూలమైనా ఇవ్వకుండా ఆ వరుసను అది సాగనంపేసింది.

అరుగు మీద చుట్ట కాలుస్తున్న మామగారు ఇదంతా గమనిస్తూనే ఉన్నారు.

“అల్లుడుగారూ, చేనుకి నీళ్లందకపోతే గట్టుమీద కూర్చుంటే లాభం లేదండి. బోదె పట్టుకుని పైకి నడవాలండి. తూము మూసుందో, ఆపైన లాకే మూసుందో చూసుకోవాలండి, ఆయ్!”

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ శివారు రైతులు చేస్తున్న పనిని, కంప్యూటరు చదువు చదివిన నేను అప్పుడు మొదలుపెట్టాను. స్లాష్ మీట నొక్కి డ్రైవరు పేరు వెతికితే, ‘డిపెండ్స్ ఆన్’ (దేనిమీద ఆధారపడింది) అన్న వరుసలో ‘మ్యాక్80211’ అనే వైఫై భాగం పక్కన ‘ఎన్’, అంటే వద్దని, కనిపించింది. దాన్ని వెతికితే అది ‘సీఎఫ్‌జీ80211’ మీద ఆధారపడి ఉంది, అక్కడా ‘ఎన్’. పైన లాకు దించేసి ఉంటే కింద చేనును మెనూలో చూపించడం కూడా దండగని కెర్నల్ వారి ఉద్దేశం కాబోలు. లాకు, తూము, చేను అన్న వరుసలోనే మూడింటికీ ‘ఎం’ పెట్టుకుంటూ వచ్చాను. మధ్యలో దర్జాకు పోయి డ్రైవరును ‘వై’ (కెర్నల్‌లోనే భాగం) చేయబోయాను కానీ, పైవి మాడ్యూళ్లుగా ఉండగా కిందిది కెర్నల్‌లో కలిసిపోవడానికి ససేమిరా అంది.

దీపాలు పెట్టే వేళకు వైఫై వచ్చింది. మామగారు కళ్లజోడు సవరించుకుని, “ఇక అమ్మాయి పెళ్లి ఫొటోలు చూద్దామండి” అన్నారు. బావమరిది పెన్‌డ్రైవు గుచ్చాడు. ఎంతసేపటికీ ఏమీ రాలేదు.

వాడు తల గోక్కుంటూ నా వైపు తిరిగాడు.

“పొద్దున్న ఇది కూడా నా జేబులోనే ఉందండి, బావగారూ.”