ఛార్జిషీటు పడితే దోషి అయినట్టేనా?

గుంటూరు కోర్టు దగ్గర టైపింగ్ సెంటర్లో పద్దెనిమిదేళ్లుగా పిటిషన్లు టైపు చేస్తున్నాను. ఈ వారం మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: "ఆరోపణ, నింద, ఫిర్యాదు, అభియోగం అన్నీ పర్యాయపదాలే, ఏది వాడినా ఒకటే. ఇంగ్లిష్‌లో ఇండిక్ట్ అంటే శిక్ష వేయడం. ఛార్జిషీటు పడిందంటే నేరం రుజువైనట్టే. నిందితుడు, ముద్దాయి, దోషి ఒకే మనిషి." పోటీ పరీక్షలకు చదివే పిల్లలు దీన్ని నోట్సులో రాసుకుంటున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

అన్నీ పర్యాయపదాలే అన్నది మొదటి తప్పు. ఆరోపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అరుగు మీద కూర్చుని ఎవరైనా ఆరోపించవచ్చు. ఆరోపించడం అంటే ఒకదాని మీద ఇంకోదాన్ని ఎక్కించడం. రూపకాలంకారం పాఠంలో ముఖం మీద చంద్రత్వాన్ని ఆరోపించారని చెబుతారే, అదే మాట. ఉన్నదో లేదో తర్వాతి సంగతి, ముందు ఎక్కించడమే. ఫిర్యాదుకి మాత్రం వినే అధికారి ఉండాలి. అది పారశీకం నుంచి వచ్చిన మాట, అక్కడ దాని అర్థం మొర. స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు చేస్తాం, అభియోగం చెయ్యం. అభియోగం కోర్టు రాతపూర్వకంగా మోపేది. ఎవరి మీద, ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద, ఎప్పుడు, ఎక్కడ జరిగిందని అందులో ఉండాలి. దాన్ని నిందితుడికి చదివి వినిపించి, ఒప్పుకుంటావా అని అడగాలి.

మోపడం అనే క్రియలోనూ తేడా ఉంది. మోపు అంటే బరువు, గడ్డిమోపు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. "కోర్టు అభియోగాలు మోపింది" అంటే అందులో మంచీ చెడూ లేదు. "పాపం, వాడి మీద దొంగతనం మోపారు" అంటే మాత్రం అన్యాయంగా అంటగట్టారనే వినిపిస్తుంది. ఇక నింద సంగతి మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఏటా వినాయక చవితికి అక్షతలు చేత్తో పట్టుకుని శమంతకమణి కథ వింటాం. ప్రసేనుణ్ణి చంపింది సింహం, మాట పడింది కృష్ణుడు. నీలాపనింద అనే మాటే అక్కడ మనకు అలవాటైంది. ఆ కథ విన్నవాళ్లు నిందనీ నేరాన్నీ ఒకటే అని ఎలా ఫార్వర్డ్ చేస్తారు?

ఇండిక్ట్ గురించి రెండు ముక్కలు చాలు. దాన్ని ఇండైట్ అని పలకాలి. అమెరికా ఫెడరల్ కేసుల్లో 16 నుంచి 23 మంది మామూలు పౌరులు ఉండే గ్రాండ్ జ్యూరీలో కనీసం 12 మంది ఒప్పుకుంటే ఇండైట్ చేస్తారు. విచారణ ఆ తర్వాతే. మన దేశంలో గ్రాండ్ జ్యూరీ లేదు. అలాంటి వార్తను తెలుగులో "అభియోగాలు నమోదయ్యాయి" అని రాయాలి.

నాకు బాధ కలిగించింది ఛార్జిషీటు మాట. పోలీసులు కేసు కట్టడం అంటే ఎఫ్ఐఆర్, అది మొదటి మెట్టు. దర్యాప్తు ముగిశాక కోర్టుకి ఇచ్చేది ఛార్జిషీటు. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 193వ సెక్షన్, దానికి ముందున్న పాత సీఆర్‌పీసీలో 173. చట్టం దాన్ని పోలీసు రిపోర్టు అనే అంటుంది. అంటే అది పోలీసుల అభిప్రాయం. ఆ కాగితాలన్నీ చూసి, ఆధారం చాలదనిపిస్తే కోర్టు విచారణ మొదలుపెట్టకుండానే నిందితుణ్ణి డిశ్చార్జ్ చేయవచ్చు, అంటే కేసు నుంచి వదిలేయవచ్చు. కొత్త సంహితలో సెషన్స్ కేసులకు 250వ సెక్షన్, మేజిస్ట్రేట్ ముందు పోలీసులు పెట్టిన వారంట్ కేసులకు 262 ఉన్నది అందుకే. ఆధారం ఉందనుకుంటేనే అభియోగాలు ఖరారు చేస్తుంది. సాక్షులు, క్రాస్ ఎగ్జామినేషన్, వాదనలు, తీర్పు అన్నీ ఆ తర్వాతే. మా పక్క వీధి అబ్బాయికి ఛార్జిషీటు పడిందని తెలిసి కుదిరిన సంబంధం వదులుకున్నారు. రెండేళ్ల తర్వాత కేసు కొట్టేశారు. ఆ రెండేళ్లూ వాళ్లమ్మ పడ్డ టెన్షన్ నేను చూశాను.

ఇక చివరిది, "ఒకే మనిషి". నిందితుడు, ముద్దాయి అంటే కేసు ఎదుర్కొంటున్న మనిషి, అంతే. ముద్దాయి మాటకు ఒక చిత్రం ఉంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగు కోర్టుల్లోకి వచ్చేసరికి అది ఎదుటి పక్షానికి అంటుకుంది. మా సెంటర్‌కి వచ్చే ఉర్దూ మాస్టారు మొదటిసారి విని ఆశ్చర్యపోయారు. దోషి మాత్రం తీర్పు తర్వాతే పుట్టే మాట. అప్పటిదాకా మేం టైపు చేసే కాగితాల్లో ఏ1, ఏ2 అనే, అంటే మొదటి నిందితుడు, రెండో నిందితుడు అనే ఉంటుంది. పొరపాటున ఏ1 బదులు దోషి అని కొడితే లాయరుగారు సంతకం పెట్టకుండా కాగితం వెనక్కి ఇచ్చేస్తారు.