మహారాజశ్రీ క.సా.గు. గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కనిష్ఠ సామాన్య గుణిజం గారికి, విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక ఆరో తరగతి పిల్ల తండ్రి నమస్కరించి రాయునది.

తమరు క్షేమమని తెలుస్తూనే ఉంది. నిన్న మధ్యాహ్నమంతా తల్లిదండ్రుల సమావేశం పేరిట, పిల్లల బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చుని, తమరి వైభవం కళ్లారా చూసి వచ్చాను. బడి ఫీజు గురించి, బూట్ల రంగు గురించి చెప్పినవన్నీ అక్కడే మరచిపోయాను. ఒక్క ప్రశ్న మాత్రం మింగుడు పడలేదు.

17/18, 18/19లలో ఏది పెద్దది?

మా అమ్మాయి రాసింది: ‘రెండూ ఒకటికి ఒక్కో ముక్క తక్కువ. పద్దెనిమిదో వంతు కన్నా పంతొమ్మిదో వంతు చిన్నది. చిన్న ముక్క తగ్గింది కాబట్టి 18/19 పెద్దది.’

పక్కన ఎర్ర సిరాతో సున్నా. దాని కింద ‘క.సా.గు. ఏది?’ అని తమరి గురించి వాకబు. టీచరమ్మగారిని అడిగితే, ‘జవాబు సరైనదేనండి, పద్ధతే లేదు’ అన్నారు.

తమరు వేంచేసి ఉంటే ఏం జరిగేది? రెండు హారాలతోనూ శేషం లేకుండా భాగించగలిగే అతి చిన్న సంఖ్య కదా తమరు; 18కి, 19కి ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కనుక 342 అవతారం ఎత్తేవారు. ఆపైన 323/342, 324/342. ఇంత హంగామా చేసి తమరు తేల్చేది 342లో ఒక వంతు తేడా! ఆ పిల్ల గుణకారం జోలికే పోకుండా అదే చెప్పింది కదా. పోనీ, పోల్చడానికి తమరే రావాలన్న శాసనం ఎక్కడుంది? ఉమ్మడి హారం ఏదైనా సరిపోతుంది, అది కనిష్ఠమే కానక్కర్లేదు. ఒకదాని లవాన్ని రెండోదాని హారంతో గుణించి పోల్చే తమరి బంధువు అడ్డ గుణకారం గారు చేసేదీ అదే, రెండు హారాల లబ్ధాన్ని కనబడకుండా దాచి.

తమరి దర్బారులో ఇంకా చిత్రాలున్నాయి. 5/8, 5/13లలో లవాలు సమానం. హారం పెరిగితే ముక్క చిన్నదవుతుంది, అంతటితో సరి. అక్కడా 104 కావాలట. 3/7 అరకు ఇవతల, 5/9 అవతల. వాటి మధ్యకు 63 ఎందుకు? ఎంవీపీ కాలనీ రైతు బజారులో అర కిలో పచ్చిమిర్చి అడిగితే పావు కిలో తూచారనుకోండి, హారాలు సమానం చేశాకే అభ్యంతరం చెప్పాలా? అర, పావు, పరక, వీసం అని లెక్క కట్టిన మా నాయనమ్మకు ఒక్కోటి ముందుదానిలో సగమని తెలుసు. తమరెవరో ఆవిడకు తెలియదు.

తిరిగి వస్తూ బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ కొనిపెట్టాను. పొట్లం సగంలో ఉండగా అడిగింది: “నాన్నా, అర పెద్దదా మూడో వంతు పెద్దదా అని అడిగినా ఆరు రాయాలా?”

ఇక తమరు గిమరు వద్దు. నీకు వీసమెత్తు కనికరం లేదయ్యా! రెండు సంఖ్యలను చూసి, అవి ఎంతెంతో మనసులో ఊహించుకుని, కారణం చెప్పిన పిల్ల అది. ఆ చూపు రావడానికే కదా భిన్నాలు నేర్పేది? నీ అవసరం లేకుండా లెక్క తేల్చినందుకు సున్నానా? ఇప్పుడు ఏ భిన్నం కనబడినా దాని వైపు చూడనైనా చూడకుండా ఎక్కాలు మొదలుపెడుతోంది. 9/10, 1/10లకు కూడా!

వచ్చే పరీక్షలో భిన్నాల కూడిక ఉంది. 7/12కు 5/18 కలపాలంటే ఊహతో పని జరగదు, అది నేనూ ఒప్పుకుంటాను. అప్పుడు పిలుస్తాం, రా. వచ్చేటప్పుడు 36 పట్టుకురా. మీ బంధువు మాట విని 216 మోసుకొచ్చావంటే మాత్రం గుమ్మం తొక్కనివ్వను.

ఇట్లు,
సున్నా మార్కుల పిల్ల తండ్రి