సస్పెన్షన్ శిక్ష కాదంటే నమ్మేదెలా?

ప్రభుత్వోద్యోగిని సస్పెండ్ చేస్తే, చట్టం దృష్టిలో అతనికి శిక్ష పడినట్టు కాదు. ఉద్యోగం ఉంటుంది, పని ఉండదు, జీతం స్థానంలో జీవనభృతి వస్తుంది. డిస్మిస్ చేయాలన్నా, సర్వీసు నుంచి తొలగించాలన్నా, హోదా తగ్గించాలన్నా ముందుగా అభియోగాలు తెలియజేయాలని, విచారణ జరపాలని, తన వాదన వినిపించే అవకాశం ఇవ్వాలని రాజ్యాంగం 311వ అధికరణలో చెబుతోంది. కొన్ని మినహాయింపులున్నా మూలసూత్రం అదే. సస్పెన్షన్‌ను శిక్షగా లెక్కించరు కాబట్టి ఈ రక్షణ దానికి వర్తించదు. ఒక్క సంతకం చాలు. అందుకే విచారణ జరిపి నేరం రుజువు చేసే ఓపిక లేని చోట, అసలు నేరమే లేని చోట కూడా, అధికారులు ముందుగా చేయి చాపేది దీనికే.

ఆ ఉత్తర్వును ఒకసారి శ్రద్ధగా చదవండి. క్రమశిక్షణ చర్య ‘పరిశీలనలో ఉన్నందున’ అని మొదలవుతుంది. అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదని ముగుస్తుంది. తప్పేమిటో అందులో ఉండకపోవచ్చు, ఎప్పటికి తేలుస్తారో అసలే ఉండదు. కేంద్ర ఉద్యోగులకైతే మొదటి 3 నెలలు సగం జీతపు సెలవులో ఉంటే వచ్చేంత మొత్తం, దానిపై కరువు భత్యం ఇస్తారు. ఆ తర్వాత, జాప్యానికి ఉద్యోగి కారణం కాకపోతే ఆ భృతిని సగం మేర పెంచవచ్చు, కారణమైతే సగం మేర తగ్గించవచ్చు. ఆ నిర్ణయం తీసుకోవాల్సింది సాధారణంగా సస్పెండ్ చేసిన అధికారే. వేరే ఉద్యోగం, వ్యాపారం చేయడం లేదని ఉద్యోగి ధ్రువీకరించి ఇస్తే తప్ప ఆ భృతి కూడా రాదు. ఊరు వదలకూడదు, మరో పని చేయకూడదు, పైగా లాయరు ఫీజు కట్టుకోవాలి.

భృతి కూడా ఆపేస్తే ఏమవుతుందో కోలార్ బంగారు గనుల భద్రతాధికారి కేసు చెబుతుంది. 1985లో ఆయన ఇంట్లో బంగారం కలిసిన ఇసుక దొరికిందంటూ పోలీసులు కేసు పెట్టారు. ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ ఆయనను సస్పెండ్ చేసి, అవే ఆరోపణలపై శాఖాపరమైన విచారణ మొదలుపెట్టింది. జీవనభృతి ఇవ్వలేదు. కేరళలో ఉన్న ఆ మనిషికి విచారణ జరిగే చోటికి వచ్చేందుకు డబ్బు లేదు. ఆయన లేకుండానే విచారణ ముగించి 1986లో డిస్మిస్ చేశారు. 1987లో క్రిమినల్ కోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. అయినా సంస్థ ఉద్యోగంలోకి తీసుకోలేదు. హైకోర్టులో ఒకసారి గెలిచి, మరోసారి ఓడి, చివరకు 1999లో సుప్రీంకోర్టులో గెలిచారు. జీవనభృతి ఇవ్వకపోవడం ఉద్యోగికి కొద్దికొద్దిగా విషం పెట్టడం లాంటిదని న్యాయస్థానం అక్కడే అన్నది. డిస్మిస్ చేసిన రోజుకూ ఆ మాటకూ మధ్య 13 ఏళ్లు గడిచాయి.

చట్టంలో లోపం లేదని కాదు గానీ, అసలు లోపం గడియారంలో ఉంది. 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: 3 నెలల్లోగా చార్జి మెమో (అభియోగాలు తెలిపే పత్రం) ఇవ్వకపోతే సస్పెన్షన్‌ను అంతకు మించి కొనసాగించకూడదు, ఇచ్చాక పొడిగించాలంటే కారణాలు రాయాలి. అదే ఏడాది డిసెంబరులో, తొమ్మిదేళ్లకు పైగా సస్పెన్షన్‌లో ఉన్న ఒక కోర్టు ఉద్యోగి కేసులో, శాఖాపరమైన విచారణను 6 నెలల్లో ముగించేందుకు చిత్తశుద్ధితో ప్రయత్నించాలనీ, తప్పనిసరైనా ఏడాది దాటకూడదనీ చెప్పింది. గమనించండి, ఆ ఉద్యోగి న్యాయవ్యవస్థలోనే పనిచేశారు.

అవినీతిపరుడిని కుర్చీలో ఉంచి సాక్ష్యాలు ఎలా కాపాడతారని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. లంచం తీసుకుంటూ పట్టుబడిన మనిషి మర్నాడు అదే ఫైలు ముందు కూర్చోవాలని ఎవరూ కోరరు. దానికి సమాధానం ఆ ఫిబ్రవరి తీర్పులోనే ఉంది. అతన్ని మరో కార్యాలయానికి బదిలీ చేయవచ్చు, సాక్షులను కలవకుండా నిషేధించవచ్చు. ఇంట్లో కూర్చోబెట్టి ఏళ్ల తరబడి భృతి ఇవ్వడం కంటే ఇది ఖజానాకూ మంచిదే. తర్వాత అతను నిర్దోషిగా తేలితే, చేయించుకోని పనికి పూర్తి జీతం బకాయిలు కట్టేది ప్రజలే కదా.

కోర్టుకు వెళ్తే ప్రభుత్వం ఎలా వాదిస్తుందో కూడా చూడాలి. ఉత్తర్వులో లేని కారణాలు, ప్రభుత్వం జవాబుగా కోర్టుకిచ్చే కౌంటర్ అఫిడవిట్‌లో పుట్టుకొస్తాయి. ఇది చెల్లదని సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ 1977లోనే, ఫిరోజ్‌పూర్ ఎన్నిక వివాదంలో తేల్చారు: ఉత్తర్వు నిలవాలంటే అందులో రాసిన కారణాలతోనే నిలవాలి. విచారణ నివేదిక ప్రతిని శిక్షకు ముందే ఉద్యోగికి ఇవ్వాలన్న సూత్రాన్ని 1993లో రాజ్యాంగ ధర్మాసనం స్థిరపరిచింది. అది హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ కేసు. అయితే ప్రతి ఇవ్వనంత మాత్రాన శిక్ష రద్దు కాదని, దానివల్ల నష్టం జరిగిందని తేలాలని అదే తీర్పు షరతు పెట్టింది. ఆ షరతు ఉద్యోగిపై అన్యాయంగా బరువు మోపిందని నా అభిప్రాయం. తప్పు చేసింది యాజమాన్యం, దానివల్ల తనకేం నష్టం జరిగిందో చూపాల్సింది మాత్రం ఉద్యోగి.

మన దగ్గర ఇంకా విచిత్రమైన నిబంధన ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును రాష్ట్ర ప్రభుత్వమే మార్చే, రద్దు చేసే అధికారం 371డి అధికరణలోని 5వ క్లాజు కింద ఉండేది. ఓడిన కక్షిదారే తీర్పును కొట్టేయవచ్చన్నమాట! 1986 డిసెంబరులో జస్టిస్ భగవతి నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. తర్వాత 1985 నాటి కేంద్ర పరిపాలనా ట్రైబ్యునళ్ల చట్టం కింద కొత్త ట్రైబ్యునల్ ఏర్పడింది. 2016లో తెలంగాణ దాని నుంచి వైదొలగింది, తర్వాత ఆంధ్రప్రదేశ్ కూడా వద్దనుకుంది. ఇప్పుడు రెండు రాష్ట్రాల ఉద్యోగులూ హైకోర్టు మెట్లే ఎక్కాలి.

కేంద్ర నిబంధనల్లో ఒక మంచి ఏర్పాటు ఉంది: 90 రోజుల్లోగా సమీక్షించి పొడిగించకపోతే సస్పెన్షన్ దానంతట అదే చెల్లకుండా పోతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ సర్వీసు నిబంధనల్లో అంతే సూటిగా రాసుకోవాలి, చార్జి మెమో గడువుతో సహా. జీవనభృతి ఒక నెల ఆగితే, దానిపై వడ్డీని ఆపిన అధికారి జీతం నుంచే రాబట్టాలి. ఖజానా నుంచి కడుతున్నంత కాలం ఏ అధికారికీ తొందర ఉండదు.