హద్దురాళ్లు లేని ఆస్తి

తెలుగువాడికి ఓపిక లేదని, షేర్లు కొన్న ఆర్నెల్లకే అమ్ముకుంటాడని ఆర్థిక సలహాదారులు తరచూ వాపోతుంటారు. ఇది జాతికే అవమానం. ఊరికి నలభై కిలోమీటర్ల అవతల, రోడ్డూ నీళ్లూ కరెంటూ లేని వెంచర్లో 200 గజాల ప్లాటు కొని, అందులో తుమ్మచెట్లు మానులవుతుంటే పాతికేళ్లపాటు మౌనంగా చూసిన జాతి మనది. పైసా అద్దె రాకపోయినా బెంగపడలేదు. కాబట్టి లోపం మనిషిలో లేదు, షేరులోనే ఉంది. దానికి హద్దురాళ్లు లేవు.

లెక్కే చూద్దాం. 2000 చివర్లో 2 లక్షలకు కొన్న ప్లాటు 2024 చివరికి 40 లక్షలు పలికిందనుకోండి. ఇరవై రెట్లు! ఆ ముచ్చట పెళ్లి భోజనాల్లోనూ పెద్దకర్మ భోజనాల్లోనూ ఇప్పటికీ వడ్డిస్తుంటారు. సరిగ్గా ఆ కాలంలోనే 30 పెద్ద కంపెనీల షేర్ల సూచీ సెన్సెక్స్ 3,972 నుంచి 78,139కి వెళ్లింది. ఇరవై రెట్లకు వెంట్రుకవాసి తక్కువ, అదీ కంపెనీలు ఏటా పంచే డివిడెండ్లు కలపకుండా. రెండూ ఏడాదికి సుమారు 13 శాతం చక్రవడ్డీ కిందికే వస్తాయి. అయినా సెన్సెక్స్ ముచ్చట ఏ పంక్తిలోనూ వినపడదు. 2008 జనవరిలో 21,000 దాటిన సూచీ అక్టోబరులో 8,000 కిందికి జారినప్పుడే, చెప్పాల్సిన మనిషి విస్తరి మడిచి లేచిపోయాడు.

మరి ఆ ఏడాది ప్లాటు ధర పడలేదా అంటే, కొనేవాడే రాలేదు కాబట్టి ఎంత పడిందో ఎవరికీ తెలియలేదు. ప్లాటు మహిమంతా ఇక్కడే ఉంది. అది ధర చెప్పదు, ఫోనులో ఎర్రగా మెరవదు. అమ్మాలంటే పాత లావాదేవీలు చూపే ఈసీ తీయాలి, లింకు డాక్యుమెంట్లు వెతకాలి, 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు భరించే కొనుగోలుదారుణ్ని పట్టాలి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బల్ల మీద ఓ పూట కూర్చోవాలి. ఈలోగా భయం దానంతటదే దిగిపోతుంది. షేరును బొటనవేలితో అమ్మొచ్చు. 2023 జనవరి నుంచైతే డబ్బు ముట్టే సెటిల్మెంటు మర్నాటికే. ఇంత సౌకర్యం ఉన్నచోట లక్ష్మి ఎలా నిలుస్తుంది?

కనుక షేర్ మార్కెట్టును నియంత్రించే సెబీ వారికి మా సవినయ మనవి. సూచీలోని షేర్లన్నీ కలిపి కొనే ప్రతి ఇండెక్స్ ఫండుకూ నాలుగు హద్దురాళ్లు, ఒక ఇనుప గేటు మంజూరు చేయాలి. ఆదివారం కుటుంబమంతా కారేసుకుని వెళ్లి, పులిహోర తిని, "ఇదిగో, ఆ వేపచెట్టు దాకా మన నిఫ్టీయే" అని పిల్లలకు చూపించుకోగలగాలి. అమ్మకానికి ఇద్దరు సాక్షులు, పది వేలిముద్రలు, ఇంటావిడ సంతకం తప్పనిసరి చేయాలి.

నిఫ్టీ సూచీలోని యాభై కంపెనీలెందుకు, మంచిదొక్కటి చాలదా అనేవారున్నారు. ఒకే ప్లాటును ముగ్గురికి రిజిస్టర్ చేసే వెంచర్ల గురించి వీరికి ఒకరు చెప్పనక్కర్లేదు. షేర్లలో దాని జోడీ 2009 జనవరి 7, హైదరాబాదు కంపెనీ సత్యం లెక్కలు దొంగవని బయటపడిన రోజు. ముందురోజు 179 రూపాయలున్న సత్యం షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది. అప్పటికి అది నిఫ్టీలోనూ ఉంది. యాభైలో ఒకటిగా పట్టుకున్నవాడికి వేలు కాలింది, మనూరి కంపెనీ కదా అని అదొక్కటే పట్టుకున్నవాడికి ఇల్లు కాలింది.

కమీషన్ దగ్గర మనవాడు చండశాసనుడు. ప్లాటు బ్రోకరు రెండు శాతం అడిగితే ఒకటికి దించేదాకా టీ తాగడు. అదే మనిషి మ్యూచువల్ ఫండులో మధ్యవర్తి కమీషన్ కలిసే రెగ్యులర్ ప్లానులో ఏటా ఒక శాతం దాకా సమర్పించుకుంటూ కిమ్మనడు, ఎందుకంటే అది అడగదు, కోసుకుంటుంది. నెలకు 10,000 చొప్పున ఇరవై ఏళ్లు కడితే, 12 శాతం రాబడి మీద సుమారు 99 లక్షలు, ఆ ఒక శాతం పోగా 11 శాతం మీద సుమారు 87 లక్షలు. మధ్యలో 12 లక్షల ప్లాటు ఎగిరిపోయింది! 2013 జనవరి నుంచి ఆ కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లున్నాయి, స్టేట్‌మెంట్లో పథకం పేరు పక్కన 'డైరెక్ట్' అన్న మాట ఉందో లేదో చూసుకుంటే చాలు. పాత యూనిట్లను ఒక్కసారిగా మార్చబోతే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను వేస్తారు. కొత్త వాయిదాలను మళ్లించడం ముందు పని.

బాండ్లు మనవాడికి కొత్తేమీ కాదు. అప్పిచ్చి ఏటా వడ్డీ తీసుకునే కౌలు కాగితాలే అవి. వంద రూపాయల బాండు, ఏటా 7 రూపాయల కౌలు, పదేళ్ల గడువు. రేపు ఊళ్లో కౌలు 8కి పెరిగితే మీ పాత కాగితానికి వంద ఎవడిస్తాడు? సుమారు 93 ఇస్తాడు. ప్రభుత్వ బాండైతే గడువుదాకా కూర్చున్నవాడికి వందకు వందా వస్తుంది. మధ్యలో అమ్మినవాడే బాండ్లలో నష్టమేమిటని ముక్కున వేలేసుకుంటాడు. రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ ఖాతాలో 2021 నవంబరు నుంచి ప్రభుత్వ బాండ్లను 10,000 రూపాయలతోనే కొనొచ్చు, ఖాతాకు రుసుము లేదు. కానీ ఉచితంగా వచ్చేదాన్ని పెద్దమనుషులు నమ్మరు. కౌలు కాస్త ఎక్కువిచ్చే చోటికే వెళతారు. బ్యాంకు దెబ్బతింటే అసలే రద్దు చేయడానికి వీలుండే యెస్ బ్యాంకు ఏటీ1 బాండ్లలో అలా కౌలుకిచ్చిన 8,415 కోట్లు 2020 మార్చిలో ఒక్క కలంపోటుతో సున్నా అయ్యాయి, తగవు కోర్టులకెక్కింది.

ఐదేళ్లలోపు అవసరమయ్యే ఫీజులు, పెళ్లిఖర్చులు షేర్లలో పెట్టకూడదన్న సంగతి వేరే చెప్పం. రేపటి పెళ్లికి ప్లాటు అమ్మబోయినవాడిని అడిగితే వివరంగా చెబుతాడు.

ఇక చూసుకోవడం. ఏడాదికి ఒక్కరోజు చాలు, అదీ ఉగాది. పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు వింటూనే, షేర్లు 70 బాండ్లు 30 అనుకున్నది 78, 22 అయిందేమో చూసి, కొత్త వాయిదాలను కొన్నాళ్లు బాండ్లకు పంపాలి. అమ్మకం లేదు, పన్ను లేదు. అమ్మక తప్పనివారికి, ఏడాది దాటిన షేర్ల లాభంలో 1.25 లక్షల దాకా పన్ను ఉండదు, ఆ పైన 12.5 శాతం. వాడుకోని మినహాయింపు మార్చి 31తో మురిగిపోతుంది.

చిక్కల్లా పండుగ తేదీతోనే. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, అప్పటికే గడువు పోయింది. 2025లో మార్చి 30న వచ్చింది, అది ఆదివారం. మర్నాడు రంజాన్, మార్కెట్టుకు సెలవు. ఇకపై ఉగాదిని మార్చి 25 లోపు, పనిదినాన పడేలా గణించవలసిందిగా సిద్ధాంతులందరికీ విడిగా అర్జీ పంపుతున్నాం.