ఆ మాట పోతన అన్నది కాదు, శుక్రాచార్యుడు అన్నది

గంట క్రితం మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. రాయకపోతే ఈ రాత్రి నిద్ర పట్టదు.

మా చెల్లెలి కూతురికి ఒక సంబంధం వచ్చింది. తెచ్చినవారు దూరపు వరసకు మాకు బాబాయి. అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగమని, అది పర్మనెంటని చెప్పారు. జాతకాలు కలిశాయి. పెళ్ళిచూపులయ్యాయి. పిల్ల సరేనంది. తాంబూలాలకు మంచిరోజు చూస్తుండగా తెలిసింది, ఆ అబ్బాయికి ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైందని. వాళ్ళ అమ్మానాన్నలకు తెలుసు. బాబాయిగారికీ తెలుసు. తెలియనిది మాకే.

ఈ సాయంత్రం ఆయన వచ్చారు. కాఫీ ఇచ్చి, "ఎందుకు దాచారు బాబాయిగారూ?" అని అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టారు. కండువాతో మూతి తుడుచుకున్నారు. రాగం తీసి మరీ పద్యం అందుకున్నారు. "వారిజాక్షులందు వైవాహికములందు..." అంటూ వచ్చి, "బొంకవచ్చు" దగ్గర ఆపి, అరచెయ్యి గాల్లో తిప్పి, "పోతనగారంతటివారే చెప్పారు కదమ్మాయీ, పెళ్ళి విషయంలో బొంకితే పాపం లేదని" అన్నారు. మా మరిదిగారు నవ్వేశారు. పిల్లకు కన్నతండ్రి నవ్వాడండీ! పద్యం వినపడగానే ఇక మాట్లాడేదేమీ లేనట్లు అందరూ సర్దుకుని కూర్చున్నారు.

పోతన చెప్పాడా? ఎక్కడ చెప్పాడు? ఎవరి నోట చెప్పించాడు? ఎవరికి చెప్పించాడు?

ఆ పద్యం భాగవతం అష్టమ స్కంధంలో, వామన చరిత్రలో ఉంది. చెప్పేవాడు శుక్రాచార్యుడు. వినేవాడు బలి చక్రవర్తి. పద్యం చివరి మాట "అధిప". ఓ రాజా, అని పిలుపు. బాబాయిగారు ఆ ఒక్క మాట ముందే ఆగిపోయారు. ఆయనే కాదు, ఈ పద్యం చదివే నూటికి తొంభైమంది అక్కడే ఆగిపోతారు. "అధిప" అన్నారంటే ఎవరో ఎవరితోనో చెబుతున్నారని అర్థమైపోతుంది. అప్పుడు, విన్న ఆ రాజు ఏమన్నాడని ఎవరైనా అడుగుతారు.

ఏమన్నాడో చెబుతాను. ఒప్పుకోనన్నాడు.

కథంతా ఆ ఒప్పుకోకపోవడం మీదే నిలబడి ఉంది. నర్మదా తీరాన యజ్ఞం జరుగుతోంది. పొట్టి వటువు వచ్చి మూడడుగుల నేల అడిగాడు. బలి ఇస్తానన్నాడు. అప్పుడు గురువు పక్కకు వచ్చి హెచ్చరించాడు. ఈ వచ్చినవాడు విష్ణువు, రెండడుగుల్లో నీ లోకాలన్నీ కొలిచేస్తాడు, మూడో అడుగుకు నీ దగ్గర ఏమీ మిగలదు, మాట వెనక్కి తీసుకో అన్నాడు. ఆడవారి విషయంలో, పెళ్ళిలో, ప్రాణానికో ధనానికో మానానికో ముప్పు వచ్చినప్పుడు, భయపడిన ఆవులనూ బ్రాహ్మణులనూ కాపాడేటప్పుడు బొంకవచ్చునన్నాడు.

గమనించండి, శుక్రుడు చెప్పిన విషయంలో ఒక్క తప్పు లేదు. వచ్చినవాడు నిజంగానే విష్ణువు. రాజ్యం నిజంగానే పోతుంది. పైగా ఆయన బలి మేలు కోరేవాడు. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు శుక్రుడంటే ఒంటికన్ను దుష్టుడనుకున్నాను. పెద్దయ్యాక చదివితే భయం వేసింది. అబద్ధమాడమని చెప్పేవాడు కథలో రాక్షసుడిలా కోరలతో రాలేదు. మన మంచి కోరే పెద్దమనిషిలా, శాస్త్రం తెలిసినవాడిలా, మన ఇంట్లో మన చాప మీదే కూర్చుని చెబుతాడు. అందుకే పోతన ఆ పద్యాన్ని అంత తేలిగ్గా నోటికి వచ్చేటట్లు రాశాడు. ఆ మాట తియ్యగా లేకపోతే దాన్ని కాదనడంలో బలి గొప్పతనమేముంది?

బలి జవాబు "కారే రాజులు" పద్యం. ఇది కూడా మనవాళ్ళకు నోటికి వచ్చు. వేదికల మీద చదువుతారు, చప్పట్లు కొట్టించుకుంటారు. ఎందరు రాజులు కాలేదు, ఎందరికి రాజ్యాలు రాలేదు, వాళ్ళలో ఎవరైనా సిరిని మూటగట్టుకుని పోగలిగారా అంటాడు. ఎంత పాపినైనా మోస్తాను కానీ మాట తప్పినవాణ్ణి మొయ్యలేనని భూదేవి అన్న సంగతి గురువుకే గుర్తు చేస్తాడు. గురువు కోపించి శపిస్తాడు. అయినా బలి నీళ్ళు వదులుతాడు. కలశం రంధ్రానికి అడ్డుపడిన శుక్రుడికి దర్భ కొసతో కన్ను పోతుంది. పెళ్ళిలో బొంకవచ్చని చెప్పిన నోరు ఎవరిదో, ఆ మనిషికి ఆ పూటే ఏమైందో, అన్నీ అక్కడక్కడే ఉన్నాయి.

ఇంకొంచెం ముందుకు వెళ్ళండి. రెండడుగులతో అంతా పోయింది. బలిని పాశాలతో కట్టేశారు. మూడో అడుగు ఎక్కడ పెట్టమంటావని అడిగితే తల చూపించాడు. అప్పుడు అన్న మాట వినండి: "వెఱవ దేవ, బొంక వెఱచినట్లు." నరకానికి భయపడను, బంధనానికి భయపడను, పదవి పోయినా, ధనం పోయినా భయపడను, బొంకడానికి భయపడినట్లుగా. గురువు "బొంకవచ్చు" అన్నాడు, శిష్యుడు "బొంక వెఱచినట్లు" అన్నాడు. అదే క్రియ. అదే కవి. మొదటిది ఇంటింటా వినిపిస్తుంది. రెండోది మా బాబాయిగారికి అసలు తెలియదు. నేను చదివి వినిపిస్తే, "ఇది కూడా అందులోనే ఉందా?" అన్నారు.

మరి విష్ణువు చేసింది మోసం కాదా అని మరిదిగారు అడ్డం వచ్చారు. పొట్టివాడిగా వచ్చి మూడడుగులని అడిగి ఆకాశమంత పెరగడం న్యాయమా అన్నారు. నన్నూ ఆ ప్రశ్న చాలా ఏళ్ళు బాధపెట్టింది. దాటవెయ్యను. అయితే ఆ దేవుడు తర్వాత ఏం చేశాడో కూడా చూడాలి కదా? స్వర్గవాసులు కూడా కోరుకునే సుతలాన్ని ఇచ్చి, ఆ వాకిట గద పట్టుకుని కాపలాగా నిలబడ్డాడు. లోకాలన్నీ తీసుకున్నవాడు ఆ ఇంటి ద్వారపాలకుడయ్యాడు. పెళ్ళి కుదిర్చి కమీషను తీసుకుని వెళ్ళిపోయిన ఏ మధ్యవర్తి అయినా ఆ తర్వాత ఆ పిల్ల గుమ్మం ముందు ఒక్క రోజు నిలబడ్డాడా?

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా అక్క పెళ్ళి 1998లో జరిగింది. సొంత ఇల్లు ఉందన్నారు, అప్పులేమీ లేవన్నారు. ఇల్లు తాకట్టులో ఉంది. మూడో నెలలో అక్క మెళ్ళో పుస్తెల గొలుసు పోయింది, పసుపుతాడు వచ్చింది. శ్రావణమాసంలో పుట్టింటికి వచ్చినప్పుడు పైట కొంగు మెడ చుట్టూ కప్పుకుని కూర్చుంది, అమ్మ చూస్తుందని. ఆ ఉక్కపోతలో ఆ కొంగు తియ్యలేదు. అమ్మ చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. నాన్న వెళ్ళి సంబంధం తెచ్చినాయనను అడిగితే, "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు" అన్నాడట. ఏ పెద్దలు? ఆ పెద్దల పేర్లు చెప్పమనండి. ఇరవై ఏడేళ్ళుగా ఆ పేర్ల కోసం ఎదురుచూస్తున్నాను.

పెళ్ళి అబద్ధం గురించి మన తొలి కావ్యం ఏం చెప్పిందో ఎవరికైనా గుర్తుందా? నన్నయ ఆదిపర్వంలో శకుంతల కొడుకుని వెంటబెట్టుకుని నిండు సభలో నిలబడుతుంది. అక్కడ ఉంగరం లేదు, మరుపు లేదు. దుష్యంతుడికి అంతా గుర్తుంది, తెలిసే తెలియదంటాడు. వైవాహికములందు బొంకు అంటే అచ్చంగా అదే. అప్పుడామె అంటుంది: నూరు నూతుల కంటే ఒక దిగుడుబావి మేలు, నూరు బావుల కంటే ఒక క్రతువు మేలు, నూరు క్రతువుల కంటే ఒక కొడుకు మేలు, నూరుగురు కొడుకుల కంటే ఒక్క సత్యవాక్యం మేలు. పక్కన కన్నకొడుకు నిలబడి ఉండగా ఆ తల్లి ఆ మాట అంది. ఈ పద్యం ఏ పెళ్ళిపెద్దా చదవగా నేను వినలేదు. అది పెళ్ళికూతురి వైపు పద్యం కనుక.

ధర్మరాజునూ వదలరు. "కుంజరః" అని మెల్లగా అనడం తెలివిగా చెప్పుకుంటారు. ఆ క్షణం వరకు నేలకు నాలుగంగుళాల పైన నడిచిన రథం, ఆ మాటతో నేలను తాకిందని ఎవరూ చెప్పరు.

నా కోపం బాబాయిగారి ఒక్కరి మీద కాదు. కథను ముక్కలు చేసి, తమకు పనికొచ్చే ముక్క జేబులో వేసుకుని, దాని మీద కవి పేరు రాసేవాళ్ళందరి మీద. మనుజేశ్వరాధములకు కృతి ఇవ్వనని రాసుకున్న కవి పోతన. పురాలూ వాహనాలూ సొమ్ములూ వద్దనుకున్న మనిషి. ఆయన పేరు చెప్పి ఎనిమిది నెలల నిరుద్యోగాన్ని దాచారు!

ఇందాక పిల్ల ఫోను చేసింది. విషయం దానికీ తెలిసింది. ఏడుస్తుందనుకున్నాను. "పెద్దమ్మా, ఉద్యోగం పోవడం తప్పు కాదు కదా. ఆ రోజు మేడ మీద పది నిమిషాలు మాట్లాడుకున్నాం. అప్పుడు అతనే చెప్పి ఉంటే నేను సరేననేదాన్నేమో" అంది. నాకు నోట మాట రాలేదు.

రేపు పొద్దున జాతకం కాగితాలు తిరిగి ఇవ్వడానికి బాబాయిగారి ఇంటికి నేనే వెళుతున్నాను. నాన్నగారి భాగవతం కూడా పట్టుకు వెళుతున్నాను. అట్ట ఊడిపోయింది, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, ఎర్రగుడ్డలో చుట్టి ఉంచాను. శుక్రుడి పద్యం దగ్గర ఒక దారం, బలి పద్యం దగ్గర ఒక దారం పెట్టాను. మరిదిగారిని కూడా రమ్మన్నాను.