అన్నీ అంధేరీలో ఆగుతాయి

ముంబై గొప్ప ఊరా, గొప్పలు చెప్పుకునే ఊరా అన్న వాదన ఎప్పుడూ భోజనాల దగ్గరే మొదలవుతుంది. ఎందుకంటే ప్రతి తెలుగింటికీ ముంబైలో ఒక బావగారు ఉంటాడు. ఇరవయ్యేళ్ల కిందట వెళ్లుంటాడు. అంధేరీలో రెండు గదుల ఇల్లు. దాని ఖరీదు ఒక్కసారి చెప్పి, మన మూడంతస్తుల మేడని పప్పన్నం పూర్తయ్యేలోపే నేలమట్టం చేస్తాడు. "మీ హైదరాబాదులో ఏముంది బావా? బిర్యానీ, ట్రాఫిక్కు. ముంబై అంటే ముంబై."

కొన్నిట్లో ఆయన మాట కాదనలేం. ఆటోవాడు మీటరు వేస్తాడు. 2025 ఫిబ్రవరి నుంచి కనీస చార్జీ 26 రూపాయలు, 26 అంటే 26 తీసుకుని చిల్లర వెనక్కిస్తాడు. "మీటర్ మీద ఇరవై ఇవ్వు సార్" అనని ఆటోవాణ్ణి చూస్తే మనవైపు వాళ్లకి కళ్లు చెమరుస్తాయి. కాకపోతే ఆ ఆటోలని బాంద్రా, సయన్ దాటి దక్షిణానికి రానివ్వరు. ఊరు చూడ్డానికి వచ్చినవాడు చూసేది ఎక్కువగా ఆ దక్షిణమే. నిద్రపోని నగరం అన్న బిరుదూ అలాంటిదే. లోకల్ రైళ్లు రాత్రి ఒంటిగంట ప్రాంతంలో పడుకుని నాలుగు ప్రాంతంలో లేస్తాయి. మా వీధి పాలవాడూ అంతే నిద్రపోతాడు. అతనికెవరూ బిరుదివ్వలేదు.

అసలు గొడవ ఆ లోకల్‌తోనే. ముందే చెప్పేస్తే మంచిది: ఇది ఎవరి స్వానుభవమూ కాదు. కొత్తవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నది. నిన్న సాయంత్రం ఎవరికీ ఏమీ జరగలేదు.

గేట్‌వే అయింది, మెరైన్ డ్రైవ్ అయింది, రెండు వడా పావ్‌లు అయ్యాయి అనుకోండి. ఆరున్నరకి చర్చ్‌గేట్ స్టేషన్లో ఉంటాం. జేబులో అంధేరీకి పది రూపాయల సెకండ్ క్లాస్ టికెట్టు, చెవి దగ్గర ఫోన్లో బావగారు. ఏ బండి ఎక్కాలంటే, టీవీ మీంచి చూపు తిప్పకుండా ఆయన చెప్పే జవాబు ఇది: "ఏదొచ్చినా ఎక్కెయ్ బావా. అన్నీ అంధేరీలో ఆగుతాయి."

బాంద్రాలోనే ఆగిపోయే కొన్ని బండ్లని వదిలేస్తే, ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఒళ్లు మండేది అందుకే.

ప్లాట్‌ఫాం మీద వేలాడే ఇండికేటర్లో బండి వివరాలన్నీ పొట్టి అక్షరాల్లో ఉంటాయి. బండి ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పే అక్షరం, బయల్దేరే టైము, ఫాస్టో స్లోనో, 12 డబ్బాలో 15 డబ్బాలో. అంధేరీ మనిషి ఎక్కాల్సింది అంధేరీ లోకలో, గోరేగావ్ లోకలో, గతిలేకపోతే బోరివలి బండో. స్లో బండి దారిలో పద్నాలుగు స్టేషన్లలో ఆగి పదిహేనోది అంధేరీ అంటుంది. కొన్ని స్టేషన్లలోనే ఆగే ఫాస్టుకీ దానికీ తేడా పది పన్నెండు నిమిషాలు. ఆ పది పన్నెండు నిమిషాలు మిగుల్చుకుందామనే ఆశే మనిషిని విరార్ ఫాస్ట్ ఎక్కిస్తుంది. నిజానికి మిగుల్చుకుని చేసేదేం లేదు. బావగారింటికి వెళ్లి మళ్లీ ముంబై గొప్పతనం వినడమే.

విరార్ అంటే చర్చ్‌గేట్ నుంచి 60 కిలోమీటర్లు. అంధేరీ 22. విరార్ ఫాస్ట్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆఖరి దాకా పోయేవాళ్లు. ఉదయం వచ్చిన దూరమే సాయంత్రం తిరిగి పోతున్నవాళ్లు. వాళ్ల లెక్కలో అంధేరీ టికెట్టుతో ఆ బండెక్కడమంటే, పక్క వీధికి వెళ్లడానికి శ్రీశైలం బస్సెక్కడం. వాళ్లకి ఇంకో బండి లేదు, మనకి పది ఉన్నాయి. కోపం న్యాయమైందే. ఆ న్యాయం మన డొక్కలో మోచెయ్యై దిగినప్పుడే కష్టం.

ఎక్కడం తేలికే. మనం ఎక్కక్కర్లేదు, ఎక్కించబడతాం. తెలుగులో ఈ 'బడు' ప్రయోగం సహజం కాదని వ్యాకరణం మాస్టార్లు అంటారు. వాళ్లెప్పుడూ చర్చ్‌గేట్‌లో ఆరున్నరకి నిలబడి ఉండరు. బండి ఇంకా ఆగకముందే జనం దూకుతారు. అయినా కిటికీ సీట్లు అప్పటికే నిండి ఉంటాయి. ముందు స్టేషన్లలోనే ఎక్కి, వెనక్కి చర్చ్‌గేట్ దాకా వచ్చి, సీటు వదలకుండా అలాగే తిరుగు ప్రయాణం చేసే మహానుభావులు వాళ్లు. ముగ్గురి బెంచీ మీద నాలుగోవాడు ఒక తొడ మాత్రం ఆనిస్తాడు. దాన్ని చౌథీ సీట్ అంటారు. ఆ సగం సీటుకీ వరస ఉంటుంది.

కొత్తవాడు చేసే తప్పు ఇక్కడే. తలుపు దగ్గర తోపులాట ఎక్కువ, లోపల ఫ్యాను కింద ఖాళీగా ఉందని రెండు బెంచీల మధ్య సందులోకి దూరతాడు. ఖాళీ ఎందుకుందని అడగడు. ఆ సందు వసై, నాలాసోపారా, విరార్ వాళ్లది. గంటకి పైగా దిగని వాళ్లు అక్కడ సర్దుకుంటారు, కొందరు చీట్ల పేక కూడా తీస్తారు. దిగేవాళ్లు నిలబడాల్సింది తలుపు గుమ్మంలో, మధ్య స్తంభానికి ఇటూ అటూ. అది కూడా ఏ పక్క ప్లాట్‌ఫాం వస్తుందో తెలుసుకుని ఆ పక్కన. అంధేరీలో దిగాలంటే దాదర్ దాటగానే కదలడం మొదలెట్టాలి. ముందున్నవాడి భుజం మీద వేలితో తట్టి "అంధేరీ?" అనాలి. అతను తలూపితే అతని వెనకే అతుక్కోవాలి. ఊపకపోతే పక్కకి తప్పుకుని మనల్ని ముందుకి పంపిస్తాడు. అలా బాంద్రా వచ్చేసరికి అంధేరీ వాళ్లంతా ఒక గొలుసైపోతారు. బ్యాగు వీపున కాదు, పొట్ట మీద. చెప్పులకి వెనక పట్టీ ఉండాలి. ఈ ఆఖరి సంగతి ఎక్కడా రాసి ఉండదు.

పాతకాలంలో ముక్కుతో కూడా లెక్కపెట్టుకునేవాళ్లు. బిస్కెట్లు కాలుతున్న వాసన కిటికీలోంచి వచ్చిందంటే విలే పార్లే, ఆ తర్వాతది అంధేరీ. ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీ 2016లో మూతపడింది. ఇప్పుడు అక్కడ వాసన లేదు, ఉన్నదల్లా పక్కవాడి చంక. ఆ సంగతి తెలియని బావగారు ఉంటారా? ఉండరు. చెప్పారా? లేదు.

సరే, అంధేరీ వచ్చింది. బండి ఆగేది అర నిమిషం, ఒక్కోసారి అదీ ఉండదు.

మొదటి అయిదు సెకన్లు మనం "ఉతర్‌నా హై", అంటే దిగాలి, అనడంలో గడుస్తాయి. అది కూడా హైదరాబాదు మర్యాదతో, "జరా" చేర్చి. ఆ 'జరా' దగ్గరే మనం దొరికిపోతాం. సందులో ఉన్న ఆరుగురూ ఒకేసారి తల తిప్పి చూస్తారు. బావగారు చెప్పినట్టే ముంబై జనం సాయానికి వెనకాడరు. ఆరుగురూ సలహాలిస్తారు. "అంధేరీ కా లోకల్ క్యోం నహీ పకడా?" అంటాడొకడు, అంధేరీ లోకల్ ఎందుకెక్కలేదని. ప్రశ్న మంచిదే, పది నిమిషాల ముందైతే ఇంకా మంచిది. "ఆధీ సాంగాయచ నా" అంటాడు ఇంకొకాయన మరాఠీలో, ముందే చెప్పొద్దూ అని. కిటికీ పక్కనుంచి మూడో గొంతు, అచ్చమైన కరీంనగర్ యాసలో: "అంధేరీకి విరార్ బండి ఎక్కుతరా ఎవరన్న?" ఈ ఊరు కట్టిన కూలీల్లో మనవాళ్లున్నారు, కామాఠీపురాకి ఆ పేరొచ్చింది తెలంగాణ నుంచి వెళ్లిన కామాఠీల వల్లే, ఇదంతా గర్వంగా చెప్పుకునే విషయమే. కానీ మాతృభాష వినబడితే ప్రాణం లేచొస్తుందని ఎవరన్నారో వాళ్లు ఆ సందులో నిలబడి వినలేదు.

పదో సెకనుకి తలుపు గుమ్మం. ఎలా చేరామో తెలియదు. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. రద్దీ వేళ ఈ బండ్లలో చదరపు మీటరుకి 14 నుంచి 16 మంది నిలబడతారని రైల్వేవాళ్లే అంటారు. దానికి 'సూపర్ డెన్స్ క్రష్ లోడ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. చదరపు మీటరంటే మన ఇళ్లల్లో తులసికోట చుట్టూ వేసే ముగ్గంత. ఆ ముగ్గులో పదహారుగురు, పదహారు బ్యాగులు, పదహారు టిఫిను డబ్బాలు. అలాంటి చోట మనిషి ఘనపదార్థం కాదు, ద్రవం. వాలు ఎటుంటే అటు పోతాడు. మొదటి పదిహేను సెకన్లు వాలు బయటికి, ఆ తర్వాత లోపలికి. దిగేవాళ్ల గొలుసు తెగిన క్షణం నుంచి ప్లాట్‌ఫాం మీద వాళ్ల వంతు. వాళ్లకీ ఇల్లుంది, పిల్లలున్నారు, అరనిమిషమే ఉంది.

మన ఎడమ కాలు అంధేరీ ప్లాట్‌ఫాం మీద ఆనింది. ఇది రికార్డు కోసం. కుడి కాలు డబ్బాలో, బ్యాగు ఎవరిదో భుజానికీ స్తంభానికీ మధ్య. ఒక్క సెకను మనిషి చట్టప్రకారం రెండు చోట్లా ఉన్నాడు. అంధేరీ చేరాడని అనొచ్చు, చేరలేదనీ అనొచ్చు. తలుపు ముందు ముప్ఫైమంది ఉన్నారు, వాళ్ల అభిప్రాయం రెండోది. ఒక్క తోపు. అల వెనక్కి లాగినట్టు ఎడమ కాలు గాల్లోకి లేచి లోపలికొచ్చింది. చెప్పు రాలేదు.

బండి కదిలింది. ప్లాట్‌ఫాం మీద అది ఒక్కటీ, బొటనవేలి గుంట ఆకాశానికి చూపిస్తూ, చాలా ప్రశాంతంగా ఉంది. దాని చుట్టూ జనం తొక్కకుండా పక్కనుంచి వెళ్తున్నారు. మనిషికి దొరకని మర్యాద.

లోపల ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధ. కరీంనగర్ గొంతు మాత్రం కాస్త మెత్తబడి, "ఏం గాదు, బోరివలిల దిగుండ్రి" అంది. అప్పటికి వాళ్లందరికీ మనం సొంతమైపోయాం. భుజాలు పట్టుకుని, "బోరివలీ, బోరివలీ" అని అరుస్తూ, పెళ్లికొడుకుని పీటల మీదికి తీసుకెళ్లినట్టు, తలుపు దాకా చేతులు మారుస్తూ పంపించారు. అంధేరీ తర్వాత పన్నెండు కిలోమీటర్లు ఆ బండి ఆగలేదు. జోగేశ్వరి, రామ్ మందిర్, గోరేగావ్, మలాడ్, కాందివలి, అన్నీ వెలుగుతూ వెనక్కి పోయాయి. రామ్ మందిర్ స్టేషన్ చూసి కొందరికి దండం పెట్టాలనిపిస్తుంది. చేతులు పైకి లేచే చోటు లేదు.

బోరివలిలో దిగడం సులువు. టీసీ దృష్టిలో పడకుండా దిగడం అంత సులువు కాదు, ముఖ్యంగా ఒక కాలికి చెప్పు, ఒక కాలికి ముంబై మట్టి ఉన్నప్పుడు. టికెట్టు అంధేరీ దాకా, మనిషి బోరివలిలో. ఇలా దాటి వచ్చినవాళ్లకి మిగతా దూరం చార్జీ, దాని మీద కనీసం 250 రూపాయల అదనపు రుసుం. టీసీ తప్పేం లేదు, రూలు అలాగే ఉంది, మర్యాదగానే మాట్లాడాడు. రసీదు రాసేటప్పుడు ఒకసారి కాలివైపు చూసి మళ్లీ రసీదువైపు చూశాడు. రూలు సరిగ్గా చదివితే తేలేదేమిటంటే, ఆ పది రూపాయల టికెట్టు మీద సక్రమంగా ప్రయాణం చేసి, దిగాల్సిన స్టేషన్లో దిగింది ఎడమ చెప్పు ఒక్కటే.

అక్కణ్ణుంచి చర్చ్‌గేట్ వైపు స్లో ఎక్కొచ్చు. సాయంత్రం ఆ దిక్కు బండ్లు కాస్త ఖాళీ, కూర్చోడానికి చోటు కూడా దొరకొచ్చు. కొత్త టికెట్టు కొనడం మరిచిపోవద్దు. అంధేరీలో దిగి, వంతెనెక్కి, విరార్ వైపు ఫాస్ట్ బండ్లు ఆగే ప్లాట్‌ఫాం మీదికి రావాలి. పదిహేను డబ్బాల బండి పట్టే ప్లాట్‌ఫాం అంటే ఈ చివర్నుంచి ఆ చివరికి బాగానే నడవాలి, ఒంటి చెప్పుతో ఇంకా ఎక్కువ. ఫస్ట్ క్లాస్ డబ్బా ఆగే చోట గుర్తుకి ఎరుపు పసుపు చారలుంటాయి. వాటికి రెండు డబ్బాలు ఇవతల అని లెక్క. ముంబైలో పోయిన వస్తువు ఎక్కడికీ పోదని నిన్న పెరుగన్నం దగ్గర బావగారు అన్న మాట గుర్తుంది.

రెండుసార్లు నడిచినా చెప్పు లేదు. ఒక్క ఎడమ చెప్పుతో ఎవరికేం అవసరం పడిందో!

ఫోను మోగింది.

"ఏం బావా, అంధేరీలో ఆగిందా?"

"ఆగింది."